పడమటి గోడకి రెండు పూతలు

ధబ్బుమన్న చప్పుడుకి తబిత వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పడమటి గోడ నుంచి తలుపంత పెచ్చు ఊడి, అత్తగారు జ్ఞానమ్మ రోజూ కూర్చునే కుర్చీ మీద పడింది! దేవుడి దయ... ఆవిడ అప్పుడే లేచి అవతలికి వెళ్ళింది.

"చూశావా అమ్మాయ్! ఆ వారం నువ్వు గోడకి నీళ్ళు కొట్టుంటే ఇవాళ నా నెత్తి మీదకి ఇంత వచ్చేదా? నీకు పుట్టిల్లే ఎక్కువైపోయింది!"

తబిత కుర్చీ మీది మట్టి దులపసాగింది. పన్నెండేళ్ళుగా వింటున్న మాటే! ధవళేశ్వరంలో ఈ ఇల్లు కట్టేటప్పుడు, బయటి గోడకి సిమెంటు పూసిన వారంలోనే ఆమె తండ్రి రాజమండ్రి ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నాడు. మరుసటి వానాకాలానికే గోడ పెచ్చులూడింది. కొత్త పూతని వారం రోజులు తడపాలి, తడపాల్సిన కోడలేమో ఆసుపత్రిలో కూర్చుంది... అంతే, ఇంట్లో తీర్పు అయిపోయింది! చుట్టాలొచ్చినా, చర్చివాళ్ళొచ్చినా ఆ గోడ చూపించి, కోడలి నిర్వాకం చెప్పందే జ్ఞానమ్మ కాఫీ ఇప్పించేది కాదు. భర్త ప్రసన్నకుమార్ "పోనీలేమ్మా" అనేవాడు... అంతకు మించి ఏనాడూ ఒక్క మాట అనలేదు.

మర్నాడు తాపీమేస్త్రి పెద్దిరాజు వచ్చి గోడంతా సుత్తితో తట్టి చూశాడు.

"మొత్తం డొల్లండి. కొట్టేసి కొత్తగా రెండు పూతలు వెయ్యాలి. మొదటిది వేసి, గీతలు గీసి, బాగా తడిపి, అప్పుడు రెండోది."

"రెండెందుకయ్యా! వచ్చే ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. ఒకేసారి మందంగా కొట్టెయ్" అన్నాడు ప్రసన్నకుమార్ విసుగ్గా.

"ఎన్ని పూతలేస్తే ఏంట్రా, తడిపేవాళ్ళుండొద్దూ!" అంది జ్ఞానమ్మ కోడలి వంక చూస్తూ.

పెద్దిరాజు ఊడిన పెచ్చు ఎత్తి, వేళ్ళతో మందం కొలిచాడు.

"తడపక కాదమ్మగారూ. తడపకపోతే పొడిపొడిగా రాలుద్దండి. ఇది చూడండి, రాయిలా ఉంది! దీన్ని తడిపినోళ్ళు ప్రాణం పెట్టి తడిపారు. రెండంగుళాల మందం ఒకేసారి వేసేశారు, ఆ బరువుకి గోడని వదిలేసింది. ఎవరండీ ఇలా వేయించిన మహానుభావుడు?"

ప్రసన్నకుమార్ తల దించుకున్నాడు. "గోడ వంకరొచ్చి, మందంగా పూయాల్సొచ్చింది... రెండుసార్లుగా వేద్దామనే అన్నాడు ఆ మేస్త్రి. గృహప్రతిష్ఠకి టైము లేదని నేనే..."

"మీరా!" తబిత అతని వైపు తిరిగింది. "పన్నెండేళ్ళు అత్తయ్యగారు నన్నంటుంటే పక్కనే కూర్చుని విన్నారు కదండీ!"

"నీళ్ళు లేకే ఊడిందనుకున్నాను తబితా... నువ్వు లేవు కదా ఆ వారం!"

"లేనా? మీరంతా అద్దింట్లో నిద్రపోతుంటే, రోజూ రాజమండ్రి నుంచి మొదటి బస్సుకొచ్చి, బిందెలతో ఈ గోడంతా తడిపి మళ్ళీ ఆసుపత్రికి పోయేదాన్ని! ఆరో రోజు... నేనిక్కడ నీళ్ళు కొడుతున్నాను, అక్కడ నాన్న పోయాడు. 'అమ్మడేదీ, అమ్మడేదీ' అని రెండుసార్లు అడిగాడంట! ఆ మాట ఒకసారి చెప్పబోతే 'అబద్ధాలు కూడానా' అన్నారు అత్తయ్యగారు. ఇంకెప్పుడూ నోరెత్తలేదు..."

జ్ఞానమ్మ గుమ్మం మీద కూలబడింది. ఆ రాయిలాంటి పెచ్చు వైపే చూస్తూ ఉండిపోయింది.

పెద్దిరాజు ఇబ్బందిగా కదిలాడు. "మరి... ఎన్ని పూతలు బాబుగారూ?"

"తబితని అడుగు" అన్నాడు ప్రసన్నకుమార్, తలెత్తకుండానే.

తబిత కళ్ళు తుడుచుకుంది. "రెండు. నీళ్ళు మాత్రం నేను కొట్టను."

"ఆయ్, అలాగేనండి."

కూడిక వాయిదా పడింది. మొదటి పూత వేసిన మర్నాడు, ఇంకా పూర్తిగా తెల్లారకముందే ప్రసన్నకుమార్ లుంగీ ఎగ్గట్టి, నీళ్ళ పైపు పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. అప్పటికే చెయ్యి లాగేస్తోంది!

"పైన తడవలేదురా... ఆ మూల! పైపుతోనే నీకింత ఆపసోపాలా! బిందెలతో ఎలా కొట్టిందో నా తల్లి..." అంటూ జ్ఞానమ్మ పమిట చెంగు కళ్ళకద్దుకుంది.

ఆ వేళకి తబిత ఒళ్ళో చామంతులు పెట్టుకుని మొదటి బస్సులో కూర్చుంది. ఈసారి ఆ బస్సు రాజమండ్రి వెళ్తోంది... నాన్న సమాధి దగ్గరికి!