వెనకబడినవాళ్లకి పెద్ద పెట్టె

స్టవ్ మీద పాలు పొంగాయి. వంటింట్లో టైలరమ్మ ఎదురుగానే ఉంది కానీ చూసుకోలేదు. ఆవిడ చెవులు రెండూ హాల్లోనే ఉన్నాయి మరి.

హాల్లో ఆవిడ భర్త, ఆయన అక్క సోఫా మీద పక్కపక్కనే కూర్చుని టీవీలో కార్ల పందెం ఆట ఆడుతున్నారు.

"ఒరేయ్, నా జోలికి రావద్దురా!"

"నేనేం చేశానక్కా? పెట్టెలో రాకెట్టు వచ్చింది, వదిలాను!"

"నీ పెట్టె పాడుగాను! గెలుపు గీత దాకా వచ్చినదాన్ని పల్టీ కొట్టించావు కదరా!"

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయనకి మందుల షాపు. భార్యతో మాటలు కూడా మాత్రల్లా లెక్కపెట్టి ఇచ్చే మనిషి. గ్యాస్ అయిపోయిందా, కరెంటు బిల్లు వచ్చిందా, అంతే. అలాంటివాడు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ నవ్వు టైలరమ్మ వాటాకి ఒక్కసారీ రాలేదు. ఒళ్లు మండిపోయింది.

వదిన డ్రైవింగు నేర్పుతుంది. అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సొచ్చి తమ్ముడింటికి చేరింది. మనిషి మంచిదే. అసలు బాధంతా అదే, తిట్టుకుందామంటే వంక దొరకదు.

"నువ్వూ రావే అమ్మాయ్, ఆడదాం," అని వదిన రోజూ పిలిచేది.

"నాకు పనుంది వదినా," అని ఈవిడ మూతి ముడుచుకునేది.

వాళ్లిద్దరూ పనికి వెళ్లాక మాత్రం కుట్టుమిషను పక్కకి నెట్టి టీవీ ముందు కూర్చునేది. కుట్టు వెంట్రుకవాసి వంకరపోతే విప్పేసి మళ్లీ కుట్టే మనిషి. ప్రతి మలుపూ అలాగే సాధన చేసింది. అయినా గీత దగ్గరికి రాగానే వెనకనుంచి ఏ కారో రాకెట్టు వదిలేది, ఈవిడ పల్టీ కొట్టేది. ఆ ఆట తీరే అంత. దారిలో పెట్టెల్ని గుద్దితే ఏదో ఒకటి వస్తుంది. ముందున్నవాళ్లకి చిల్లరమల్లరవి, వెనకబడినవాళ్లకి పెద్దవి.

"ఇదెక్కడి న్యాయం? కష్టపడింది నేను!" అని టీవీ మీదే విరుచుకుపడింది. ఆట సెట్టింగుల్లో వెతికితే దొరికింది: 'పెట్టెలు: వెనకున్నవారికి ఎక్కువ' అని, దాని కింద 'అందరికీ సమానం' అని. రెండోది నొక్కింది. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు తనే వెళ్లి సోఫాలో ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. గెలిచింది.

"అమ్మో! మా ఆవిడకి ఇంత వచ్చా?" అన్నాడాయన. టైలరమ్మ కడుపు నిండిపోయింది.

తర్వాత రోజూ గెలిచింది. ప్రతి ఆటా గెలిచింది. కారు ముందు ఒక్కతే పోయేది, వెనక ఎవరూ కనబడేవారు కాదు, పక్కన ఎవరూ అరిచేవారు కాదు. వదిన మాత్రం మాటిమాటికీ కళ్లు నులుముకునేది. "ఇవాళ నాకేం పెట్టెలు కలిసిరావట్లేదు," అని నవ్వబోయి, మధ్యలోనే లేచిపోయేది. వారం తిరిగేసరికి ఆడటమే మానేసింది. ఆయన మళ్లీ ఫోన్లో తల దూర్చాడు.

"రండి, మనిద్దరం ఆడదాం," అంది టైలరమ్మ ఒక మధ్యాహ్నం, ఆయన భోజనానికి వచ్చినప్పుడు.

"వద్దులేవే. నీతో ఆడితే పరీక్ష రాసినట్టుంటుంది."

అంతే, ఆవిడ లోపల దాచుకున్నదంతా బయటపడింది.

"మీ అక్కతో అయితే సరదా, నాతో అయితే పరీక్షా? ఆవిడ తప్పు చేస్తే నవ్వుతారు, నేను గెలిచినా మొహం చూడరు! మీ నవ్వు కోసం నేను దొంగచాటుగా ఆట నేర్చుకున్నానండీ! ఇంతకంటే సిగ్గుచేటు ఉంటుందా?"

ఆయన తెల్లబోయి చూశాడు. ఫోను పక్కన పెట్టి నెమ్మదిగా అన్నాడు.

"గెలుపుదేముందే పిచ్చిదానా? షాపులో ఒక్క మాత్ర మారితే ఒకరి ప్రాణం మీదికొస్తుంది. కారు నేర్పేటప్పుడు పక్కసీట్లో అక్క బ్రేకు ఆలస్యంగా తొక్కితే అంతే సంగతులు. నీకు కత్తెర తప్పితే బట్టంతా పాడు. రోజంతా తప్పు చేయకుండా బతకాలి. ఈ ఆటలో ఓడిపోతే మాత్రం పెట్టెని తిట్టి ఊరుకోవచ్చు. నాకు నవ్వొచ్చేది అందుకే."

అప్పుడే వదిన గుమ్మంలోకి వచ్చింది. ఆ వేళప్పుడు పనిలో ఉండాల్సిన మనిషి.

"ఏంటక్కా, ఇవాళ క్లాసుల్లేవా?"

"మానేస్తానని చెప్పొచ్చానురా." ఆవిడ చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. "నా చూపు తగ్గింది, చెయ్యి కూడా ఆడట్లేదు. చూశావుగా, ఒక్క ఆటా గెలవలేకపోతున్నాను. ఆట కాబట్టి సరిపోయింది. రేపు రోడ్డు మీద బ్రేకు అందకపోతే? ఎవరి బిడ్డనో చంపుకోలేను నేను."

ఆ ఉద్యోగం వదినకి ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. టైలరమ్మ వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది.

"మీ కళ్లు బాగానే ఉన్నాయి వదినా. పెట్టెల్ని నేనే మార్చేశాను. వెనకబడినవాళ్లకి పెద్దవి రాకుండా చేశాను. మీరూ ఆయనా అలా నవ్వుతుంటే ఓర్వలేకపోయాను." ఇక ఏడుపు ఆగలేదు.

వదిన కళ్లు నులుముకుని మరదలి మొహంలోకి చూసింది.

"అంటే... నా కళ్లకేం కాలేదా?"

"లేదు వదినా."

"మరి ఇదివరకు ఎలా గెలిచానే?"

"పెట్టెల వల్లే."

"అంటే నేను మొదట్నుంచీ చెత్తగానే ఆడేదాన్నా?"

టైలరమ్మ ఏడుస్తూనే తలూపింది. వదిన మొహం వెలిగిపోయింది. "ఓసి నీ అసూయ తగలెయ్యా! రోజుల తరబడి నిద్రలేకుండా చేశావు కదే!" అంటూ మరదలి నెత్తిన ఒక్కటిచ్చి, అదే చేత్తో దగ్గరికి లాక్కుంది. తర్వాత ఫోను తీసి డ్రైవింగు స్కూలుకి కలిపింది. "నేనండీ. రేపు వస్తున్నాను. పొద్దున చెప్పింది మర్చిపోండి."

మర్నాడు పొద్దున పెట్టెలు మళ్లీ మామూలుగా ఉన్నాయి. టైలరమ్మ ముందు దూసుకుపోతుంటే వదిన రాకెట్టు తగిలింది. ఆయన కారూ గుద్దింది. లేచేసరికి అందరికంటే వెనక ఉంది.

"దొంగలు! ఇద్దరూ దొంగలే!" అని గొంతు చించుకుని అరిచింది. ఆయన పగలబడి నవ్వుతూ ఆవిడ భుజమ్మీద వాలిపోయాడు. వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది, ఎవరూ లేవలేదు.

"పెట్టె తియ్యవే," అన్నాడు. "పెద్దదే వస్తుంది. వెనకబడ్డావుగా."

కళ్లల్లో నీళ్లు తిరిగి ఆవిడకి టీవీ మసకమసగ్గా కనబడింది. చూసుకోకుండానే పెట్టెని గుద్దేసింది.