కాకి కనుమలో దారి అడిగే లారీ

మా రేవులో లారీ డ్రైవర్లందరూ మహా ధైర్యవంతులు. ఎంత ధైర్యమంటే, కాకి కనుమ మలుపులో టైరు పేలినా దిగకుండా కిందిదాకా వచ్చేస్తారు. డ్రైవర్ తొకుజో అక్కడ లారీ గుద్దుకుని పోయినప్పటినుంచీ అంతే.

ఈ చలికాలం మరీ ముదిరింది. తొకుజో లారీయే కనబడుతోందన్నారు. నెత్తిన వెలిగే అదే పేరు పలక, పక్కన అదే ఎర్రచేప బొమ్మ, ఒళ్ళంతా పచ్చా నీలం దీపాలు... వెనకాలే వచ్చి దాటిపోడానికి దారి అడుగుతుందట! చూసొచ్చినవాళ్ళు నా కొట్టులో కూర్చుని రెండేసి గిన్నెల సోబా నూడుల్స్ లాగించి మరీ వణికారు.

తినంది యసుకిచి ఒక్కడే.

వాడూ తొకుజో జంట డ్రైవర్లు. జీతమంతా లారీల సోకు దీపాలకే తగలేసేవాళ్ళు. వాళ్ళ పెళ్ళాలు వంతులేసుకుని తిట్టేవాళ్ళు. చేపలెత్తుకుని ఒకరి వెనక ఒకరు కనుమ ఎక్కేవాళ్ళు. ముందువాడు ఎడమ దీపం మిణుకుమనిపించాడంటే దారి ఖాళీ, దాటిపో అని. వెనకవాడు ఇంక ఆలోచించడు.

తొకుజో పోయిన రాత్రి ముందున్నది యసుకిచి.

తర్వాతి సంగతి వాడే చెప్పాడు. "ఎవరికీ చెప్పకు అక్కా" అన్నాడు. కొట్టుకొచ్చినవాళ్ళకి తప్ప నేనెవరికీ చెప్పలేదు.

మొన్న మంచు కురుస్తుంటే కనుమ దిగుతున్నాడు. మలుపు రాగానే సోకు దీపాలన్నీ ఆర్పేశాడు. అక్కడ వెలిగించడు వాడు. అద్దంలో చీకటి... చీకటి... ఉన్నట్టుండి – ఎర్రచేప!

వెనక దీపాలు రెండుసార్లు కొట్టాయి. దారి అడుగుతోంది.

వాడి చెయ్యి లేవలేదు. నెమ్మదించాడు. అదీ నెమ్మదించింది. ఆగాడు. అదీ ఆగింది. తలుపు చప్పుడు... మంచులో అడుగులు... కిటికీ అద్దం మీద వేళ్ళు.

"బాబాయ్... నేనే, మినాయేని."

తొకుజో కూతురు!

"నాన్న లారీని తుక్కులోంచి తెచ్చి బాగుచేయించాను. అమ్మకి చెప్పకు, టైర్లు కోసేస్తుంది. అందుకే రాత్రిళ్ళు తోలుతున్నా."

"ఇన్నాళ్ళూ నువ్వా..."

"ఏం మగాళ్ళు బాబాయ్! నన్ను చూస్తే చాలు, చేపలు ఒలికిపోతున్నా ఆగరు." నవ్వింది. "యసుకిచి ఎడమ దీపం వేస్తే కళ్ళు మూసుకుని పోవచ్చనేవాడు నాన్న. ఒక్కసారి నాకూ వెయ్యి. నిన్ను దాటుకుపోతాను."

యసుకిచి స్టీరింగ్ వదిలేశాడు.

"ఆ రాత్రి వేశాను తల్లీ."

"ఏమిటీ?"

"దారి చూడకుండా వేశాను. కొత్త దీపాలు పెట్టించుకున్నా... తడి రాతిగోడ మీద పచ్చగా పడుతుంటే మురిసిపోతూ... అవి చూస్తూ వేశాను. మీ నాన్న నన్ను నమ్మి వచ్చాడు. ఎదురుగా లారీ ఉంది."

మినాయే గుసగుసగా అంది. "నాన్నదే తొందరపాటన్నారు అందరూ."

"మొదట అన్నది నేనే."

ఆమె తిరిగి తన లారీ దగ్గరికి వెళ్ళిపోయింది. వెనక పేరు పలక ఆరింది. పక్క దీపాలు ఒక్కో వరసే ఆరాయి. ఎర్రచేప చీకట్లో కలిసిపోయింది.

అప్పుడు వినిపించింది మినాయే గొంతు.

"ముందు నువ్వు నడు. ఈ మాట అమ్మకి చెప్పు."

తెల్లవారుతుండగా రెండు లారీలూ తొకుజో ఇంటిముందు ఆగాయి. తలుపు తీసిన తొకుజో భార్య మొదట ఆ లారీని చూసింది. తర్వాత కూతుర్ని. నేనైతే రేవంతా వినబడేలా అరిచేదాన్ని. ఆవిడ అరవలేదు. చెప్పాల్సిన మాట ఇంకా నోట్లోనే పెట్టుకుని గడప బయట, తల మీద మంచుతో నిలబడిపోయిన వాణ్ణి చూసింది.

"చలిలో నిలబడ్డావేం యసుకిచీ? లోపలికి రా. మీ వాడి ఫొటో ముందు ఇప్పుడే టీ పెట్టాను, నీకూ పోస్తా."