ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారు

మంగళవారం పొద్దున అలీర్ వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద జావ మాడుతోంది. కూతురు ఓదెత్ పొయ్యి ముందే ఉంది. ఒక చేత్తో గరిటె పట్టుకుని, రెండో చెయ్యి గోడకి ఆనించి దగ్గుతోంది.

"మాడుతోంది," అన్నాడు అలీర్.

"చూశాను."

"చూస్తే దించాలి."

ఆమె దించింది. పైపైన తీసి మూడు గిన్నెల్లో పోసింది. అడుగంటినది తన గిన్నెలోకే వేసుకుంది. అలీర్ అది గమనించాడు. ఆ ఇంట్లో ఆ తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు మంచు, బండి, తిండి, ఈ మూడింటి గురించే నడిచేవి.

కొత్త సంవత్సరం వెళ్ళాక ఇంట్లోకి జ్వరం వచ్చింది. ముందు అలీర్ పడ్డాడు. అతను లేచేసరికి ఓదెత్ పడింది. ఆమె పూర్తిగా లేవకముందే మనవరాలు మిలెన్‌కి అంటుకుంది. ఓదెత్ భర్త కెనడా పడమటి వైపు, దూరాన ఆల్బెర్టా గనుల్లో పని చేస్తాడు. ఆదివారాలు ఫోన్ చేసి, అందరూ బాగున్నారా అని అడుగుతాడు. బాగున్నామని చెబుతారు.

అలీర్ ఈ ఇంటి కింది గదిలోకి వచ్చింది భార్య దెలీమా పోయాక. దెలీమా ఒక శీతాకాలంలో ఊపిరితిత్తుల జ్వరంతో పోయింది. మంచు తుఫాను కమ్మిన ఆ రోజుల్లో వాళ్ళింటికి వచ్చి, పక్కన ఉండి చూసుకున్నది ఓదెతే. డాక్టరుకి కబురు వెళ్ళలేదు. సమాధి దగ్గర అలీర్ కూతురితో ఒకే మాట అన్నాడు: "ఒక్క ఫోను చెయ్యలేకపోయావు." మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. ఓదెత్ ఆ మాటకి బదులు చెప్పలేదు. బదులు లేదు కాబట్టే చెప్పలేదని అతను తీర్మానించుకున్నాడు. క్షమించడం అతనికి అలవాటు లేని పని.

మిలెన్ మెట్లు దిగి వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. తల మీంచి గడ్డం కిందికి ఉన్ని శాలువా చుట్టుకుంది.

"చెంప ఎలా ఉందే?" అంది ఓదెత్.

"తగ్గింది."

"శాలువా తియ్యి, చూస్తాను."

"చలేస్తోందమ్మా."

కింది దవడలో పన్ను పుచ్చి నరం దాకా పోయింది. క్రిస్మస్‌కి ముందే పట్నంలో పళ్ళ డాక్టరు సవ్వా దగ్గర ఓదెత్ రోజు ఖాయం చేసుకుంది. ఆ రోజుకి ఆమెకే జ్వరం. క్లినిక్కి ఫోన్ చేస్తే, దగ్గూ జ్వరం ఉన్నవాళ్ళు రావద్దు, ఇంకో రోజు తీసుకోండి అని రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఇంకో రోజు తీసుకుంది. ఆ రోజుకి పిల్లకి జ్వరం. మళ్ళీ మార్చుకుంది. ఆ రోజుకీ పిల్లకి జ్వరం దిగలేదు. మూడోసారి అడగడానికి మొహం చెల్లలేదు. షాలూర్ అఖాతం ఒడ్డున జనానికి డాక్టరును కదిలించడమంటే చర్చిలో పాదిరీ మాట్లాడుతుంటే మధ్యలో లేచి నిలబడ్డట్టు. చచ్చేంత జబ్బయితే తప్ప చెయ్యరు. ఏది చచ్చేంత జబ్బో ముందుగా ఎవరికీ తెలియదు.

"పీకించెయ్యి," అన్నాడు అలీర్. "ఒక్క పట్టు. పని అయిపోతుంది."

"పదహారేళ్ళకి పన్ను పీకిస్తారా నాన్నా?"

"మీ అమ్మకి పెళ్ళికి ముందు నోట్లో ఉన్నవన్నీ పీకించారు. జన్మలో పన్నునొప్పి ఎరగదు."

మిలెన్ చెంచా దించింది. "అన్నీనా? నిజంగానా?"

"మీ ముత్తాత ఇచ్చిన పెళ్ళికానుక," అంది ఓదెత్. "అప్పట్లో ఇక్కడ అదే మర్యాద. అత్తారింటికి పళ్ళ వైద్యం ఖర్చు మోసుకెళ్ళకూడదని ఆడపిల్లకి నోరంతా ఖాళీ చేయించి, కట్టుడు పళ్ళు పెట్టించి పంపేవాళ్ళు. దాన్ని చూసి అందరూ మెచ్చుకునేవాళ్ళట."

"చక్కగా ఉండేవి ఆమె పళ్ళు," అన్నాడు అలీర్.

"నాకు ఆ కానుక ఇవ్వలేదు నువ్వు. సంతోషం."

"నువ్వు కాలేజీకి పోయావు. దానికే సరిపోయింది."

మిలెన్ నవ్వబోయి చెంప పట్టుకుంది. జావ సగం వదిలేసి పైకి వెళ్ళిపోయింది. ఓదెత్ రబ్బరు సంచిలో వేడినీళ్ళు నింపి, చెంపకి ఆనించుకోమని వెనకే తీసుకెళ్ళింది. మెట్ల మధ్యలో దగ్గు తెర వచ్చి ఆగిపోయింది. అలీర్ వంటింట్లోంచి ఆ దగ్గు విన్నాడు. దెలీమా దగ్గు కూడా అలాగే ఉండేది, అడుగునుంచి వచ్చేది.

మధ్యాహ్నానికి ఓదెత్‌కి జ్వరం తిరగబెట్టింది. మంచం ఎక్కింది. రోడ్డు మీద మంచు గడ్డ కట్టిందని బడికి సెలవిచ్చారు. అలీర్ వాకిట్లో మంచు తోసి బూట్లు దులుపుకుంటుంటే మిలెన్ తలుపు దగ్గరికి వచ్చింది.

"తాతా, అమ్మ క్లినిక్కి ఫోన్ చేసింది. శుక్రవారం రమ్మన్నారట."

"దగ్గు ఉన్నా?"

"ఉన్నా రమ్మన్నారు."

"సరే. నేనే తీసుకెళ్తా."

"నువ్వు తీసుకెళ్తే పీకించేస్తావు."

"పీకడానికి నాకేం పట్టకారు లేదు, పిల్లా."

సాయంత్రం అలీర్ కోడిమాంసం, బంగాళదుంపలు వేసి ఫ్రికో కాచాడు. పులుసు చిక్కబడటానికి పిండి ముద్దలు కూడా వేశాడు. దెలీమా వేసినంత మెత్తగా రాలేదు. మిలెన్ పులుసు మాత్రం తాగింది. ముక్కలన్నీ గిన్నె అంచుకి నెట్టి, కడుపు నిండిందంది.

బుధవారం పొద్దున పిల్ల కిందికి రాలేదు. అలీర్ పైకి వెళ్ళాడు. మామూలుగా అతను ఆ మెట్లు ఎక్కడు. మిలెన్ మంచం మీద కూర్చుని ఉంది. శాలువా జారిపోయింది. చెంప గడ్డం కిందిదాకా వాచి, ఎర్రగా నిగనిగలాడుతోంది. ఒక కన్ను సగం మూసుకుపోయింది.

"నోరు తెరువు."

ఆమె తెరవబోయింది. చెంచా దూరేంత కూడా తెరుచుకోలేదు.

"బానే ఉంది తాతా. అలా కనిపిస్తుందంతే."

అలీర్ పక్కగదిలోకి వెళ్ళాడు. ఓదెత్ దిండ్లకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"లే. మళ్ళీ ఫోన్ చెయ్యి. శుక్రవారం దాకా ఆగేది కాదు అది."

"ఏ శుక్రవారం?"

"నువ్వు అడిగి తీసుకున్న శుక్రవారం."

"నేనేం అడగలేదు. ఫోన్ చేసింది నువ్వు కదా?" అంది ఓదెత్ కళ్ళు తెరిచి. "నీకు ఫోన్ చెయ్యడం కూడా వచ్చా అని నిన్నంతా ఆశ్చర్యపోయాను."

అలీర్ చెవిన పడింది ఒక్కటే. చెయ్యలేదు. అతని గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది.

"ఇదీ నీ పద్ధతి. చేశానని చెప్పడం, చెయ్యకపోవడం. మీ అమ్మనీ ఇలాగే సాగనంపావు. ఇప్పుడు దీని వంతు."

ఓదెత్ దుప్పటి తోసేసి లేచి కూర్చుంది.

"చేశానని నేనెప్పుడు చెప్పాను నాన్నా? ఎవరికి చెప్పాను?"

"మీ అమ్మకి. ఆమే నాతో అంది. ఓదెత్ డాక్టరుతో మాట్లాడింది, వెచ్చగా పడుకోమన్నాడట, మళ్ళీ విసిగించకు అని. పోయాక డాక్టరును అడిగితే, మీ ఇంటినుంచి ఎవరూ పిలవలేదన్నాడు."

"నాతో అలా అనలేదు అమ్మ."

"మరేమంది?"

"మీ నాన్న ఫోన్ చేశారు, మంచు తోసి దారి తెరవగానే డాక్టరు వస్తాడు, నువ్వు ఫోను ముట్టుకోకు, మాట పడతావు అంది. నేను నమ్మాను. దారి ఎప్పుడు తెరుస్తారా అని కిటికీ దగ్గర కూర్చున్నాను. వంటింట్లో ఫోను పక్కనే నువ్వున్నావు. నువ్వు చెయ్యలేదని తర్వాత తెలిసింది. చెయ్యకుండా సమాధి దగ్గర ఆ మాట నా మీద పడేశావే అనుకున్నాను."

అలీర్ మంచం కోడు పట్టుకున్నాడు. కిటికీ అద్దం మీద మంచు గీసుకుంటూ రాలింది.

ముందుగా తేరుకున్నది ఓదెత్. "నేను ఫోన్ చేశానని నీకెవరు చెప్పారు? ఇప్పుడు, ఈ శుక్రవారం సంగతి?"

అలీర్ తల తిప్పాడు. మిలెన్ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నేనే," అంది. పళ్ళ మధ్యనుంచి మాట నలిగి వచ్చింది. "నీకు తాత చేశాడని చెప్పాను. తాతకి నువ్వు చేశావని చెప్పాను. నీకు జ్వరం. తాతకి తెలిస్తే ఈ మంచుగడ్డ మీద బండి తీస్తాడు. శుక్రవారానికి దానంతటదే తగ్గుతుందనుకున్నాను. మిమ్మల్నెందుకు ఇబ్బంది పెట్టడమని."

ఓదెత్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి ఆ మాట పాలతో పాటు వస్తుందేమో అనుకున్నాడు అలీర్. అనుకుని ఊరుకోలేదు. వంటింట్లోకి దిగి ఫోన్ అందుకున్నాడు.

రికార్డు గొంతు మొదలైంది. దగ్గు ఉన్నవాళ్ళు, జ్వరం ఉన్నవాళ్ళు. అలీర్ చివరిదాకా వినలేదు. మనిషి పలికేదాకా ఒకే బటను మళ్ళీ మళ్ళీ నొక్కాడు.

"క్లినిక్ అండీ. ఏమైంది?"

"మా మనవరాలికి దవడ వాచింది. నోరు తెరుచుకోవడం లేదు. దగ్గూ ఉంది, జ్వరమూ ఉంది. రావద్దని చెప్పకు. చెప్పినా వస్తాం."

"రావద్దని ఎవరన్నారండీ? అది మామూలు చెకప్‌లకి. ఇలాంటివి వెనక తలుపునుంచి తీసుకుంటాం. ఇప్పుడే బయల్దేరండి. మింగలేకపోతే మాత్రం ఇటు రావద్దు, తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి. ఇంతకాలం ఎందుకాగారు?"

"తెలీదు," అన్నాడు అలీర్. అది అబద్ధం. కాని ఫోన్‌లో చెప్పే సంగతి కాదు.

దారి పొడుగునా బండి నత్తలా నడిచింది. ఓదెత్ వద్దన్నా వినకుండా ఎక్కింది. క్లినిక్ వెనక తలుపు దగ్గర డాక్టరు సవ్వా మూతికి గుడ్డ కట్టుకుని ఎదురుచూస్తోంది. చిన్న వయసు మనిషి. పిల్ల గడ్డం కింద రెండు వేళ్ళతో నొక్కి చూసింది.

"దీనికేం పెట్టారు ఇంట్లో?"

"వేడినీళ్ళ సంచి," అంది ఓదెత్.

"చాలా బాగుంది. చీము ఎటు పోవాలో దగ్గరుండి దారి చూపించారన్నమాట. రేపటికి గొంతు మూసుకునేది. మీ ఇంట్లో దగ్గులున్నాయి, మీరిద్దరూ బయట ఉండండి."

తలుపు వేసుకుంది. తండ్రీ కూతుళ్ళు బండిలో కూర్చున్నారు. ఇంజను ఆపలేదు.

"పెద్ద అబద్ధాలకోరు," అన్నాడు అలీర్.

"దాన్నేమీ అనకు నాన్నా. చిన్నపిల్ల."

"దాన్ని కాదు. మీ అమ్మని."

ఓదెత్ అరచేత్తో పక్క అద్దం మీది ఆవిరి తుడిచింది.

"సమాధి దగ్గర నా మొహాన అనాల్సింది," అన్నాడు. "చెయ్యాల్సింది నువ్వు కదా అని."

"భార్య పోయిన మనిషివి. ఆ మాట కూడా నీ మీద ఎందుకు వెయ్యడమని ఊరుకున్నాను."

"ఊరుకున్నావు. నేను దాన్ని ఇన్నేళ్ళు నీ మీద మోపాను."

"నువ్వు ఒక్కసారి అడిగినా చెప్పేదాన్ని."

అలీర్ అడగని మనిషి. క్షమించమని కూడా అడగలేదు. తన వైపు వీస్తున్న హీటరు వేడిగాలిని ఆమె వైపుకి తిప్పాడు. ఓదెత్ ఏడ్చింది. మధ్యలో దగ్గింది, మళ్ళీ ఏడ్చింది. అతను అద్దంలోంచి ఎదుటి గోడను చూస్తూ కూర్చున్నాడు. దెలీమాని క్షమించడం తన వల్ల కాదని అతనికి తెలిసింది. ఆమె ఇద్దరినీ కాపాడాననుకుని పోయింది. వెనక్కి పిలిచి నాలుగు మాటలు అడిగే వీలు లేదు.

"ఏడిస్తే దగ్గు ఎక్కువవుతుంది," అన్నాడు.

"ఎక్కువవనీ."

"రేపు నిన్ను డాక్టరుకి చూపిస్తా. ఫోన్ నేనే చేస్తా. నా చెవులతో నేనే వింటా."

వెనక తలుపు తెరుచుకుంది. డాక్టరు సవ్వా మిలెన్ భుజం పట్టుకుని బండి దాకా తీసుకొచ్చింది. చీము తీసేశాను, మాత్రలు పూర్తిగా వాడాలి, వాపు దిగాక నరం చూస్తాను అంది. పన్ను నిలుస్తుందా అని ఓదెత్ అడిగింది. పిల్ల నిలిచింది, పన్ను సంగతి తర్వాత చెబుతానంది. వెళ్ళిపోయింది.

మిలెన్ వెనక సీట్లో కూర్చుంది. సగం మొహం మొద్దుబారి ఒక పక్కకి జారి ఉంది.

"ఎలా ఉందమ్మా?" అంది ఓదెత్.

"బానే ఉంది. ఏం లేదు."

ముందు సీట్లో ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. అలీర్ ఇంజను ఆపాడు.

"నిజం చెప్పు పిల్లా," అన్నాడు.

ఆమె తాతని చూసింది, అమ్మని చూసింది.

"ఇప్పుడు నొప్పి లేదు. రాత్రి చాలా వచ్చింది. ఊపిరాడలేదు. చచ్చిపోతాననుకున్నాను."

"నన్నెందుకు లేపలేదే?" అంది ఓదెత్.

"నీకు అప్పుడే దగ్గు తగ్గి నిద్ర పట్టిందమ్మా."

"మరి నన్ను?" అన్నాడు అలీర్.

మిలెన్ చిన్నపిల్లలా పెద్దగా ఏడవడం మొదలుపెట్టింది. నోరు ఒక పక్కే తెరుచుకుంటోంది. ఓదెత్ దిగి, మంచులో బండి చుట్టూ తిరిగి, వెనక సీట్లోకి వెళ్ళి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. అలీర్ తాళం తిప్పలేదు. చెయ్యి వెనక్కి చాచి, చేతికందిన మోకాలు పట్టుకున్నాడు. అది ఎవరి మోకాలో చూడలేదు. వదల్లేదు.