పాస్‌పోర్టుకు పెట్టిన బొట్టు

తెల్లారేసరికి బాగలూరు నుంచి రోజాపూల బండి వెళ్ళిపోయింది. గోపీచంద్ తోటలోంచి వచ్చి, చేతులు కడుక్కుని రాగి అంబలి తాగుతున్నాడు. మేనకోడలు ఆశ మాత్రం గ్లాసు ముట్టలేదు. ఆ పిల్ల అమ్మమ్మ వరమ్మకు అది ముల్లులా గుచ్చుకుంటోంది.

తప్పు వరమ్మదే. కొత్త బండికైనా, కొత్త మిక్సీకైనా కుంకుమ పెట్టనిదే ఆమె చెయ్యి ఊరుకోదు. మలేసియాలో పుట్టి పెరిగి, చుట్టపుచూపుగా వచ్చిన ఆశ తిరిగి వెళ్ళడానికి బట్టలు సర్దుకుంటుంటే, క్షేమంగా చేరాలని పాస్‌పోర్టు తెరిచి, ఫొటోలో నొసట నూనె కుంకుమతో నిండుగా బొట్టు పెట్టింది. అది కాస్తా పేరు మీదికీ నంబరు మీదికీ పాకింది. ఇక అది చెల్లదట. పాతది పట్టుకుని చెన్నైలోని వాళ్ళ దేశపు ఆఫీసుకు మనిషే వెళ్ళి కొత్తది తీసుకోవాలట. నెలాఖరుకు ఇక్కడి వీసా గడువు కూడా తీరిపోతుంది.

"మామా, పాస్‌పోర్టు ఇయ్యి. చెన్నై బస్సు పట్టుకోవాల."

"దేవుడే నిలిపినాడు కదమ్మా, ఇంకేం చెన్నై? మా శశిని చేసుకోని ఈడే ఉండిపో." గోపీచంద్ నవ్వుతూనే అన్నాడు. పాస్‌పోర్టు దాచిన బీరువా తాళం చెవి మాత్రం మొలతాడుకు కట్టుకున్నాడు.

"నన్నడిగినావా నాయనా?" వాకిట్లోంచి శశికుమార్ అరిచాడు. "ఫోన్లో కొట్లాడుకుంటా పెరిగినోళ్ళం. నాకొద్దు, ఆ పిల్లకీ వద్దు."

"నువ్వు నోరు ముయ్‌రా!"

ఆశ కళ్ళలో నీళ్ళు లేవు, నిప్పులున్నాయి. "ఆడ నాకు ఉద్యోగముండాది. నాయనొక్కడే ఉండాడు. వీసా అయిపోతే ఈడ దొంగమాదిరి దాక్కోవాల్నా మామా?"

వరమ్మ లేచి కొడుకు ముందు చెయ్యి చాచింది. "తాళం ఇట్లా తే."

"నువ్వూరుకోమ్మా. నువ్వు పెట్టిన బొట్టే కదా ఇది!"

"అవున్రా, నేనే పెట్టినా. పిల్ల సుకంగా పోయిరావాలని పెట్టినా, నీ ఇంట్లో కట్టెయ్యాలని కాదు. ఇయ్యకుంటే హోసూరు టేసన్‌కు పోతా. పరదేశం పిల్ల పాస్‌పోర్టు నా కొడుకు దాచిపెట్టినాడని చెప్తా."

"కన్నకొడుకు మీదనా?"

"కన్నాను కాబట్టే!"

గోపీచంద్ గ్లాసు కింద పెట్టాడు. "వీళ్ళమ్మ, నాగజ్యోతి అక్క కూడా పోయొస్తాననే ఆ దేశం పోయింది. కొరోనాలో పాయె. మొగం కూడా చూడలేకపోతినే. ఈ పిల్లది అచ్చం అక్క పోలికమ్మా. ఇది కూడా పోతే ఎట్లా?"

వరమ్మ చాచిన చెయ్యి దించలేదు.

"నీకు అక్క పోయింది. నాకు కూతురు పోయింది. అల్లుడికి పెండ్లాం పోయిందిరా. ఉన్న కూతుర్ని కూడా ఆయప్ప దగ్గర లాక్కుందామా?"

గోపీచంద్ తల వంచుకున్నాడు. తర్వాత తడుముకుంటూ మొలతాడు ముడి విప్పాడు.

ఆశా, వరమ్మా, గోపీచందూ చెన్నై బస్సెక్కారు. "కృష్ణగిరి దాకా వచ్చి దిగిపోతా" అన్నాడు గోపీచంద్. కృష్ణగిరి వచ్చింది. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. గోపీచంద్ కదల్లేదు.

"దిగవా మామా?"

"నాకు కూడా ఒక పాస్‌పోర్టు చేపించు. ఈసారి మీ ఇంటికి నేనే వస్తా. మీ నాయన్ని చూసొస్తా." కిటికీ వైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

వరమ్మ కొంగు ముడిలోంచి కుంకుమ భరిణె తీసింది. ఆశ గబుక్కున సంచిని గుండెకు హత్తుకుంది. "వద్దవ్వా! నీకు దండం పెడతా!"

"దానికి కాదే, నీకు."

ఆశ నవ్వేసి నొసలు ముందుకు చాచింది. ఇంతసేపూ రాని కన్నీళ్ళు అప్పుడు జలజలా రాలాయి.

"పెట్టవ్వా, నిండుగా పెట్టు. ఇది ఏ దేశంలోనైనా చెల్లుతాది."