మెచ్చుకోని గొంతు

సంతలో తిట్లు వినబడక చాలా ఏళ్లయింది. జనం తిట్టుకోవడం మానేశారని కాదు. వంకాయలు గిల్లి చూసినవాణ్ణి అమ్మే మనిషి ఎప్పటిలాగే తిట్టేది. వాడి చెవికి మాత్రం "నిదానంగా ఏరుకో అన్నా" అని చేరేది. పెదవులు ఒక తీరు కదిలేవి, మాట ఇంకో తీరు వినబడేది. రెండూ కలవక తల తిరుగుతుందని జనం ఒకరి ముఖం ఒకరు చూడకుండా మాట్లాడటం నేర్చుకున్నారు. కోపంలో తుంపర మాత్రం ఎప్పటిలాగే మీద పడేది. దానికింకా మిషను రాలేదు.

చెవికి వచ్చిన మిషను పేరు మెత్తచెవి. బొబ్బరగింజంత ఉంటుంది. చెవి వెనక అతికించుకుంటారు. బయటి మాట నరానికి చేరేలోపే దాన్ని పట్టుకుని, నొప్పించే పదాలను ఏరేసి, మెత్తని పదాలు పెట్టి లోపలికి పంపుతుంది. ఏ పదం నొప్పిస్తుందో తేల్చడానికి గాయమాపకం అనే సెన్సర్ ఉంది. మాట చెవిన పడగానే మెదడులో లేచే సిగ్నల్‌ను అది తెర మీద గీతగా గీస్తుంది. నొప్పి పుడితే గీత పైకి లేస్తుంది. అలా లేపిన పదాలన్నీ గాయకోశం అనే పట్టికలోకి పోతాయి. ఇక అవి ఎవరి చెవినా పడవు.

దీన్ని కనిపెట్టిన మనిషి పేరు పెంటమ్మ. ఎందుకు కనిపెట్టిందో పేరే చెబుతుంది. బడిలో హాజరు పిలిచినప్పుడల్లా పిల్లలు ముక్కు మూసుకునేవారు.

పేరు పెట్టింది తల్లి ఈదమ్మ. ఎండలు ముదిరిన ఆ ఏళ్లలో పాలమూరు పల్లెల్లో చంటిపిల్లలు నిలిచేవారు కాదు. ఈదమ్మకు ముగ్గురు పోయారు. నాలుగో బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటామె చేత ఎత్తించి, గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుంది. పెంటలో దొరికినదాని మీద ఎవరి కన్నూ పడదని పాతకాలపు నమ్మకం. చావు కన్ను కూడా.

మెత్తచెవిని బడిపిల్లలందరికీ పెట్టాలని సర్కారు తలపెట్టిన రోజుల్లో పెంటమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. తన పేరును గాయకోశంలో చేర్చాలి. అదే పేరున్న ఇంకో పిల్ల ముక్కు మూసుకున్న తరగతి ముందు నిలబడకూడదు.

కొలత పెట్టింది తోటి శాస్త్రవేత్త నజీర్. మెత్తచెవి ఆపేసి, ల్యాబ్‌లో ఉన్నవాళ్ల చేత ఒక్కొక్కరిగా ఆమె పేరు పిలిపించాడు. పిలిచినప్పుడల్లా గీత లేచింది. ఆ రోజు చూడటానికని ఈదమ్మ కూడా వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆమె ఆ గింజను ఎన్నడూ పెట్టుకోలేదు. నా చెవులు నాకున్నయి అనేది. మీరూ ఒకసారి పిలవండని నజీర్ అడిగితే, ఎదురుంగ ఉన్నదాన్ని పిలుసుడేందని విసుక్కుంది. ఆ వెంటనే కూతురి వైపు తిరిగింది.

"పెంటీ, గట్ల గూనిపెట్టుకోని కూసున్నవేందే. నడుం ఇరిగిందా?"

గీత కిందికి పోయింది. గదిలో ఏ శబ్దమూ లేనప్పుడు ఉండే చోటు కంటే కిందికి పోయింది. నజీర్ వైరు ఊడిందేమోనని లాగి చూశాడు. ఊడలేదు. అప్పుడు పెంటమ్మకు ఒకటి తట్టింది. ఇంటికి పోగానే తను మెత్తచెవి తీసి గూట్లో పెడుతుంది. ఎందుకు తీస్తున్నానని ఎన్నడూ అనుకోలేదు.

ఆ గీతను అందరికంటే ఎక్కువసేపు చూసినవాడు ల్యాబ్ డైరెక్టర్ ప్రహ్లాదరావు.

"మాట మార్చడం ఎందుకమ్మా," అన్నాడు. "గొంతు మారిస్తే చాలు."

ఎవరు ఏమన్నా వినేవాడికి వాడి తల్లి గొంతుతో వినిపించాలని ఆయన ఆలోచన. పెంటమ్మకు మొదట అది నచ్చింది. తల్లి లేనివాళ్లు సంతోషిస్తారనుకుంది. కొద్ది రోజుల్లో తల్లిగొంతు తయారైంది. అద్దం అవతల నుంచి నజీర్ పేరు పెట్టి పిలిస్తే, యాసతో సహా ఈదమ్మే పిలిచినట్టు వినిపించింది. పెంటమ్మ కళ్లు తుడుచుకుంది. నజీర్ సరదాకి, ఆ కుర్చీ ఇటు జరుపు అన్నాడు. ఆమె లేచి జరిపింది. జరిపాక గానీ ఎందుకు జరిపానన్న ఆలోచన రాలేదు. నజీర్ నవ్వాడు. ప్రహ్లాదరావు నవ్వలేదు. కుర్చీ వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత ల్యాబ్‌కు గనుల యజమానులు, మిల్లుల యజమానులు రావడం మొదలైంది. వీళ్లెందుకని పెంటమ్మ అడిగితే ఆయన దాచలేదు. కన్నతల్లి గొంతుతో పని చెబితే ఎదురు చెప్పేవాడు ఉండడు, సమ్మె ఉండదు, పోలీసు అక్కర్లేదు, పైగా ఎవరికీ నొప్పి లేదు అన్నాడు.

పెంటమ్మ కుదరదంది. కనిపెట్టిన మనిషి బొటనవేలు ఒప్పుకోలు పలక మీద పెడితే తప్ప మెత్తచెవిలో కొత్తది చేర్చడానికి లేదు. జీతం పెంచుతామన్నారు, వినలేదు. పదవి పోతుందన్నారు, వినలేదు. చివరికి ప్రహ్లాదరావు ఆమెను పలక ముందు కూర్చోబెట్టి, కాసేపు ఆలోచించుకోమని చెప్పి బయటికి పోయాడు.

కాసేపటికి చెవిలో తల్లి పలికింది. ఇంటి నుంచి ఫోను చేసినా మాట ఆ గింజలోకే వస్తుంది.

"పెంటీ, ఒప్పుకో బిడ్డా. ఇంతమంది పెద్దమనుషులు అడుగుతున్నరు. గింత మొండితనం పనికిరాదు."

ఆ గొంతు తయారైంది తన బల్ల మీదే. ఆ సంగతి బుర్రకు తెలుసు. చేతికి తెలియదు. చేయి పలక మీదికి పోయింది.

"నీ అంత తెలివిగల్లది ఈ జిల్లాల లేదు," అంది గొంతు. "నా బంగారు తల్లివి."

బొటనవేలు పలకకు వెంట్రుకవాసి పైన ఆగింది.

పెంటమ్మ గింజను పీకి బల్ల మీద పెట్టింది. లేచి పక్కగది తలుపు తీసింది. ప్రహ్లాదరావు మైకు ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన నజీర్ తల వంచుకుని ఉన్నాడు.

"మా అమ్మ నన్ను ఒక్కనాడు కూడా మెచ్చుకోలేదు సార్," అంది.

"పాపం," అన్నాడు ఆయన.

"మీ జాలి మీ దగ్గరే ఉంచుకోండి. మూడోవాణ్ణి ఒకసారి ముద్దుగున్నడని అన్నదట. వాడు ఆ ఎండాకాలం దాటలేదు. అప్పటి నుంచి నోరు కట్టుకుంది. నేను బడిలో మొదటొచ్చిన రోజు మొద్దుముఖం అంది. ఇది కనిపెట్టిన రోజు, చెవులకు మూతలు చేసినవా అంది. నోటిదాకా వచ్చిన మెప్పును ఇన్నేళ్లూ మింగింది, నేను బతకాలని. ఆ బరువు మోసే గొంతు మీ మిషనుకు లేదు."

ఆయన మైకు ఆపాడు. నువ్వు కాకపోతే ఇంకొకరు చేస్తారు, అందరి తల్లులూ మీ తల్లిలా ఉండరు అన్నాడు.

"చేసుకోనీయండి. నా వేలితో మాత్రం కాదు."

తల్లిగొంతు చెరిపేయమని నజీర్ వైపు చూసింది. అతను అప్పటికే చెరిపేశాడు. తల ఎత్తలేదు.

సంత గుండా నడిచి ఇంటికి పోతుంటే వెనక నుంచి బండివాడు, అడ్డం తప్పుకోమంటూ ఆమెనూ ఆమె తల్లినీ కలిపి తిట్టాడు. బయటి మనిషి నోటి నుంచి తిట్టు తిట్టుగా వినడం ఎన్నో ఏళ్ల తర్వాత అదే. నొప్పి పుట్టింది. వెనక్కి తిరిగి, తల్లి దగ్గర విన్నదే ఒకటి తగిలించింది. వాడి చెవికి ఏం చేరిందో ఏమో, నవ్వి దండం పెట్టి పోయాడు.

ఈదమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఉద్యోగం పోయిందని పెంటమ్మ చెప్పింది.

"పోతే పోనీ. నీ మొద్దుముఖానికి అది గిన్ని దినాలుండుడే ఎక్కువ."

తర్వాత జరిగినదంతా విన్నది. చేతులు ఆగలేదు. ఆ గొంతు చివరికి ఏమందో కూతురు చెప్పినప్పుడు మాత్రం చాట ఆగింది.

"నా గొంతుతోనే అన్నడా? నీ ముఖం మీదనే?"

"అన్నడమ్మా."

ఈదమ్మ లేచి లోపలికి పోయింది. మంచం కింద నుంచి కుంపటి లాగింది. ఇళ్లలో నిప్పు రాజేయడం పోయి చాలాకాలమైంది, కుంపటి ఉన్న ఇల్లు ఆ వాడలో ఇంకొకటి లేదు. తల్లి దాన్ని ఎందుకు దాచుకుందో పెంటమ్మకు తెలియదు. చూస్తే లోపల ఎన్నోసార్లు రాజేసిన బూడిద నిండుగా ఉంది. నిప్పు రాజేసి, దొడ్డుప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట్లో పట్టుకుని, కూతుర్ని గడప మీద తూర్పుముఖంగా కూర్చోబెట్టి తల చుట్టూ తిప్పసాగింది.

"మిషను మాటలకు దిష్టేందమ్మా," అంది పెంటమ్మ.

"వాని కన్నుకు గంత బలమేడిది?"

"మరి ఎవరి దిష్టి తీస్తున్నవు?"

ఈదమ్మ పిడికిలి విప్పి నిప్పుల్లో వేసింది. ఉప్పు చిటపటలాడింది. అది ఆగేదాకా కూతురి ముఖం వైపు చూడలేదు.

"నాదే," అంది.