నంబరు అడిగే బంగళా

పెనుకొండలో కొండ కింది పాత బంగళాకు మంచి పేరు లేదు. ఎస్సెస్సెల్సీ మూడుసార్లు తప్పినవాడెవడో, నాలుగోసారి ఫీజు కట్టాక అక్కడే జ్వరమొచ్చి పోయాడట. కట్టిన ఫీజు వదులుకుంటాడా? మార్చి నెలలో రాత్రిపూట అటు పోయేవాళ్లను "నంబరెంత?" అని అడుగుతాడట. ఏ నంబరు చెబితే ఆ నంబరు తప్పడం ఖాయమట. పేరు మాత్రం అడగడు... గవర్నమెంటు పరీక్ష కదా!

నేను చూడలేదు. విన్నదే చెబుతున్నా. యాభై తొమ్మిదో సంవత్సరం మాట.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ముత్యాలప్పకు ఒక్కడే కొడుకు, చెన్నకేశవులు. ఆ వంశంలో ఎస్సెస్సెల్సీ దాకా వచ్చినవాడు వాడే. పరీక్ష రాయడానికి పెనుకొండలో మేనత్త ఇంట్లో దిగాడు. హాల్ టికెట్ మాత్రం మగ్గం దగ్గరే మరిచిపోయాడు. చదువు ఏపాటిదో అక్కడే తెలుస్తోంది గానీ, తండ్రికి చెప్పేదెవరు!

తెల్లారితే లెక్కల పరీక్ష. ముత్యాలప్ప ఆఖరి రైల్లో వచ్చి, ఆ హాల్ టికెట్ జేబులో పెట్టుకొని ఊళ్లోకి నడక మొదలుపెట్టాడు.

బంగళా వచ్చింది. లోపల... వెలుగు. అది కదులుతోంది.

లాంతరు పట్టుకొని ఒక ఆకారం వరండాలోకి వచ్చింది. మోచేతుల దాకా తెలుపు... మొహం మీద తెలుపు... గొంతు లేదు, గాలి మాత్రమే వస్తోంది.

"నంబరెంతప్పా..."

ముత్యాలప్ప కొడుకు నంబరు నాలుగువేల పదిహేడు. నోటిదాకా వచ్చిందాన్ని మింగేశాడు.

"చెప్పప్పా... నంబరు..."

"నాలుగువేల... పద్దెనిమిది!"

అది పక్కింటి నరసక్క కొడుకు నంబరు. పిల్లలిద్దరూ ఒకేరోజు ఫారాలు నింపారు. నరసక్క మొగుడు పోయిన మనిషి. ముత్యాలప్ప ఇంట్లోనే దారం చుట్టి ఆ పిల్లవాణ్ణి చదివించుకుంటోంది. అన్నీ తెలిసే చెప్పాడు — చెప్పి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. భయమంటే భయమే, కాదనను. అయినా నాకు ఆ మనిషి మీద ఇప్పటికీ కోపమే.

మరునాడు పరీక్ష అయిపోయి గంట కొట్టారు. నరసక్క కొడుకు నవ్వుతూ బయటికొచ్చాడు. వాడి వెనకే చెన్నకేశవులు, చొక్కా నిండా సిరాతో, ఏడుస్తూ.

"బల్ల ఒకటే ఊగుడు నాయనా! సిరాబుడ్డి పడి పేపరంతా తడిసిపాయ. ఒగ లెక్క గూడా కనపడదు."

ముత్యాలప్ప కొడుకు హాల్ టికెట్ లాక్కొని చూశాడు. పదిహేడే. ఆ నంబరు తాను చెప్పనేలేదే!

అంతలో పరీక్షల బంట్రోతు రంగప్ప దగ్గరికొచ్చాడు. బడి చాలక ఆ ఏడు పరీక్ష పెట్టింది ఆ బంగళాలోనే. రాత్రంతా బల్లలకు నంబర్లు అంటించిన చేతులు, చెమట తుడుచుకున్న మొహం, వాటి మీద ఇంకా మైదా బంక తెల్లగా ఎండి ఉంది. ముందురోజు పగలంతా, పిల్లల చోటు చూసుకోవడానికి వచ్చిన తల్లిదండ్రులకు చెప్పీ చెప్పీ గొంతు పోయింది.

"ఏమప్పా," అన్నాడు గుసగుసగా, "పిల్లోని చోటు చూసుకోను వచ్చి, రాత్రి అట్ల పరుగెత్తినావేమి? పాపమనిపించె. నీ పద్దెనిమిదికి కుంటి బల్ల పడిండె... దాన్ని పదిహేడుకు తోసేసి, మంచిది ఏసినాలే!"