ఆపరేషన్ చీలమండ

"పులస దొరుకుతుందాండి?"

"ఎర్రనీరే రాలేదు కదండి. అప్పుడే ఎక్కడి పులస!"

కోడ్ సరిపోయింది. కొవ్వూరు రేవు మెట్ల మీద గాలం వేసుకుని కూర్చున్న పెద్దాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. లోకనాథ్ కూర్చున్నాడు. అతని మిషన్లన్నీ ఈ పెద్దాయన పక్కన కూర్చోవడంతోనే మొదలయ్యాయి.

ఆయన స్పెషల్ వింగ్ చీఫ్ గోపాలరాజు గారు. భీమవరం మనిషి. నడిరోడ్డు మీద ట్రాఫిక్ విజిల్ ఊదుకునే కానిస్టేబుల్ లోకనాథ్‌ని చెయ్యి పట్టుకుని ఈ ఉద్యోగంలోకి తెచ్చింది ఆయనే. లోకనాథ్ తండ్రి పోయినరోజు పాడె మోసిందీ ఆయనే. ఈ లోకంలో ఎవరినీ నమ్మకూడదని లోకనాథ్‌కి నేర్పిన మనిషి కూడా ఆయనే కాబట్టి, ఆయన్ని ఒక్కరినీ అతను కళ్లు మూసుకుని నమ్ముతాడు.

"గౌతమి ఎఫ్.సి. సంగతి తెలుసుగా?"

"రాజమండ్రి ఫుట్‌బాల్ జట్టండి. శనివారం ఫైనల్."

"ఆ ఫైనల్ జరగదని విదేశంలో కూర్చుని ఒక ముఠా పందెం కట్టింది. దాని పేరు బ్లాక్ విజిల్. స్ట్రైకర్ డేనియల్ గల్ఫ్ క్లబ్బుకి అమ్ముడుపోయాడని ట్రాన్స్‌ఫర్ పుకారు పుట్టించారు. జనం నమ్మేశారు. మొన్న మెయిన్ రోడ్డులో వాడి జెర్సీ తగలబెట్టారు. శనివారం ఇంకేదో చేస్తారు, గ్రౌండ్‌లో గొడవ లేపి మ్యాచ్ ఆపుతారు. జట్టు లోపలి కబుర్లు ఎవరు మోస్తున్నారో పట్టుకో."

"అనుమానం?"

"కీర్తిప్రియ. టీవీలో స్పోర్ట్స్ యాంకర్. అందం ఎక్కువ, మాట తియ్యన. జాగ్రత్త."

రాజుగారు జేబులోంచి ఒక విజిల్ తీసి అతని చేతిలో పెట్టారు. "లోపల జామర్ ఉంది. నొక్కావంటే చుట్టుపక్కల సిగ్నలంతా చచ్చిపోతుంది. ఒక్కసారే పనిచేస్తుంది. తొందరపడి వాడకు."

లోకనాథ్ దాన్ని తాయెత్తులా మెడలో వేసుకున్నాడు.

* * *

మర్నాటికల్లా అతను గౌతమి ఎఫ్.సి. క్యాంపులో కొత్త ఫిజియో అయిపోయాడు. తెల్ల టీషర్టు, చేతిలో నొప్పి స్ప్రే, నోటినిండా అర్థం కాని ఇంగ్లీషు.

డేనియల్ పిక్క నొక్కించుకుంటూ నిట్టూర్చాడు. "నేనెక్కడికీ వెళ్లట్లేదని ఎంతమందికి చెప్పనండి? మా వీధిలో పాలాయన కూడా, ప్రయాణం ఎప్పుడు బాబూ అని అడుగుతున్నాడు. చిన్నప్పట్నుంచి నన్ను ఎత్తుకు తిప్పినోళ్లే ఉమ్మేస్తున్నారండి."

ఆ సాయంత్రం ప్రీ-మ్యాచ్ షోలో కీర్తిప్రియ నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని నవ్వింది. "డేనియల్‌కి జ్ఞానదంతం పోటు. రాత్రి జావ తాగి పడుకున్నాడని మా వర్గాల సమాచారం."

లోకనాథ్ అదిరిపడ్డాడు. జావ సంగతి నిజమే. అతను నేరుగా డేనియల్ గదికి వెళ్లాడు.

"పన్ను నొప్పని ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదండి," అన్నాడు డేనియల్. ఒక్క క్షణం ఆలోచించి, "మా అమ్మకి తప్ప."

* * *

డేనియల్ తల్లి దీనమ్మ ఇల్లు కొవ్వూరులో, రేవుకి రెండు వీధుల అవతల. లోకనాథ్ ఈసారి మోపెడ్ మీద పూతరేకుల డబ్బా కట్టుకుని, ఆత్రేయపురం మనిషినని చెప్పుకుంటూ దిగాడు. పేరు చిట్టియ్య అన్నాడు. ఆవిడ పూతరేకులు కొనలేదు సరికదా, ఎండన పడి వచ్చావంటూ కూర్చోబెట్టి అతనికే అన్నం పెట్టింది.

తింటూ ఉండగా ఆవిడ ఫోన్ తీసింది. "ఉండు బాబూ, ప్రార్థన మనవి పెట్టాలి. మా బాప్టిస్టు సంఘం ఆడోళ్ల వాట్సాప్ గ్రూపులో. అబ్బాయికి పన్ను నొప్పని మొన్న పెట్టాను. తగ్గింది. కృతజ్ఞత చెప్పొద్దూ!"

లోకనాథ్‌కి ముద్ద గొంతులో అడ్డం పడింది. కొడుకు జ్వరం, మోకాలి వాపు, కోచ్ తిట్టిన తిట్లు అన్నీ ఆ గ్రూపులో ఉన్నాయి. ఒక్కోదాని కింద బారెడు ఆమేన్లు. ఆ ఆమేన్లలో ఏదో ఒకటి దొంగది.

చెయ్యి కడుక్కుని పరుగున రేవుకి వెళ్లి రాజుగారి చెవిలో వేశాడు. ఇలాంటివి ఫోన్లో చెప్పకూడదన్నది ఆయన పెట్టిన నియమమే.

రాజుగారి కళ్లు మెరిశాయి. "దొరికిందిరా! అయినా పరీక్షించి చూద్దాం. డేనియల్ ఎడమ చీలమండ విరిగిందని ఆవిడ చేత పెట్టించు. ఆ అబద్ధం బ్లాక్ విజిల్ దగ్గర తేలిందంటే కేసు తేలినట్టే."

లోకనాథ్ వెనక్కి వెళ్లి ఐడీ కార్డు చూపించాడు.

"ఇందాక పూతరేకులన్నావు, ఇప్పుడు పోలీసంటున్నావు. నీ వంటి మీద ఏదైనా నిజం ఉందా నాయనా?" అంది దీనమ్మ.

"మీ అబ్బాయి మంచికేనండి. గ్రూపులో ఒక చిన్న అబద్ధం..."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేసింది. "ఆపు. అదేంటో కూడా చెప్పకు, నా చెవిన పడనివ్వకు. ప్రార్థనలో అబద్ధమా? నా కొడుకు ఉద్యోగం పోయినా సరే, దేవుడి ముందు నేను బొంకను."

ఎంత బతిమాలినా వినలేదు. ఎన్నో ముఠాలను మట్టి కరిపించిన ఏజెంట్, ఒక ముసలావిడ ముందు నీళ్లు నమిలి బయటపడ్డాడు. ఆ మాట రాజుగారితో చెప్పడానికి సిగ్గేసింది. "అయిపోయిందండి," అన్నాడు. పొద్దున్నే మళ్లీ వెళ్లి ఒప్పించొచ్చులే అనుకున్నాడు.

* * *

శనివారం పొద్దున బ్లాక్ విజిల్ రహస్య యాప్‌లో వార్త తేలింది. డేనియల్ ఎడమ చీలమండ విరిగింది.

వెంటనే రాజుగారి ఫోన్. "చూశావా? ముసలిదే! వెళ్లి అరెస్టు చెయ్. కొడుకుని బ్యాన్ చేయించే ఏర్పాటు నేను చూస్తా."

లోకనాథ్ దీనమ్మ ఇంటికి పరుగెత్తి ఆవిడ ఫోన్ అడిగి చూశాడు. గ్రూపులో చీలమండ ఊసే లేదు. చివరి మనవి ఎవరి మనవరాలికో పరీక్షలని.

అతను అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. ఆ అబద్ధం భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకడు తను. రెండోవాడు తన తండ్రి పాడె మోసినవాడు. కేసు దీనమ్మ నెత్తిన రుద్ది మూసెయ్యడానికి, ఆ వార్తని ముఠాకి ఆయనే అందించాడు. లోకనాథ్‌కి కోపం రాలేదు. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది.

"ఏంటి బాబూ, ఒంట్లో బాలేదా?" అంటూ దీనమ్మ మంచినీళ్లు తెచ్చింది.

* * *

నాలుగు గంటలకి కిక్-ఆఫ్. రాజమండ్రి స్టేడియం కిక్కిరిసింది. డేనియల్ కాలు పెట్టగానే సొంత ఊరి జనమే ఈలలు వేసి గేలి చేశారు. కీర్తిప్రియ టచ్‌లైన్ దగ్గర మైకు సర్దుకుంటోంది.

"చీలమండ వార్త మీరెందుకు చదవలేదు?" అన్నాడు లోకనాథ్.

"నాకు అందలేదు కాబట్టి." ఆమె కళ్లద్దాలు తీసింది. "నేను ఢిల్లీ నుంచి వచ్చిన ఏజెంటునండి. బ్లాక్ విజిల్ నన్ను వాళ్ల మనిషి అనుకుంటోంది. మీ వింగ్‌లో ఒకరు అమ్ముడుపోయారని తెలుసు. మీరేనేమో అనుకున్నాను."

"నేను మీరనుకున్నాను."

"దొంగ వీడియో ఒకటి తయారుచేశారు. డేనియల్ ఓడిపోతానని మాటిస్తున్నట్టు. టాస్ అవగానే పెద్ద తెర మీద వేస్తారు. ఏ వేలు నొక్కుతుందో తెలియదు."

"నాకు తెలుసండి," అన్నాడు లోకనాథ్. గబగబా మెట్లెక్కాడు.

రాజుగారు వీఐపీ గ్యాలరీలో తెల్లచొక్కాతో కూర్చుని ఉన్నారు. చేతిలో ఫోన్. "ఆవిడని అరెస్టు చేశావా?"

"ఆవిడ గ్రూపులో పెట్టలేదండి. ఏ అబద్ధమో కూడా నన్ను చెప్పనివ్వలేదు."

రాజుగారి బొటనవేలు ఫోన్ మీద ఆగింది. "మరి అయిపోయిందన్నావు?"

"సిగ్గేసి అన్నానండి. మీతో నేనాడిన మొదటి అబద్ధం అదే."

ఆయన నవ్వారు. "నేను చెప్పింది నువ్వు చేస్తావు, నువ్వు చెప్పింది ఆవిడ చేస్తుంది అనుకున్నానురా. అక్కడ దెబ్బ తిన్నాను."

"ఎందుకు చేశారండి?"

"ట్రాన్స్‌ఫర్లు ఆటగాళ్లకేనా?" అంటూ రాజుగారు నొక్కేశారు.

లోకనాథ్ విజిల్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. పెద్ద తెర వెలిగింది. దాని మీద తాటిచెట్టంత డేనియల్ మొహం.

"దాంట్లో జామర్ లేదు లోకనాథ్. ఉత్త విజిలే," అన్నారు రాజుగారు జాలిగా.

ఆ జాలే లోకనాథ్‌ని కాల్చేసింది. మిగతా సంగతి ఆలోచించలేదు. విజిల్ నోట్లో పెట్టుకుని, ట్రాఫిక్ రోజుల్లో ఊదినట్టు ఊదాడు. గ్యాలరీ కింద, పెద్ద తెరకి కరెంటిచ్చే జనరేటర్ పక్కన కునుకు తీస్తున్న ఆపరేటర్ బుజ్జిబాబు, క్యాంపులో పరిచయమైనవాడే, ఉలిక్కిపడి తలెత్తాడు.

"ఆపెయ్యి బుజ్జిబాబూ! మొత్తం ఆపెయ్!"

తెర మీద డేనియల్ పెదవులు విడివడ్డాయి. మాట బయటికి రాకముందే తెర నల్లబడింది. కరెంటు పోయిందనుకున్నారు జనం. ఆ మాటకొస్తే ఎవరూ ఆశ్చర్యపోలేదు. పట్టపగలు కాబట్టి రిఫరీ ఆట మొదలుపెట్టేశాడు.

కీర్తిప్రియ వెనక ఢిల్లీ మనుషులు మెట్లెక్కి వచ్చారు. పాడె మోసిన ఆ భుజం మీద చెయ్యి వేసి రాజుగారిని లోకనాథే కిందికి దింపాడు. ఆ మెట్లు అతనికి తెమల్లేదు. మ్యాచ్‌లో డేనియల్ గోల్ కొట్టాడట, గేలి చేసినవాళ్లే భుజాలకెత్తుకున్నారట. అతను అదేమీ చూడలేదు.

* * *

ఆదివారం ఆరాధన అయ్యాక దీనమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "నీ అసలు పేరేంటి బాబూ? మనవిలో పెడతాను. అక్కడ దొంగపేరు పనికిరాదు."

అసలు పేరు ఎక్కడా బయటపెట్టకూడదని లోకనాథ్‌కి నేర్పిన మనిషి ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు.

"లోకనాథ్ అండి," అన్నాడు.

ఆవిడ ఒక్క వేలితో టైపు చేసింది. *లోకనాథ్ బాబు, సీక్రెట్ ఏజెంటు. నమ్మినవాళ్లు మోసం చేశారు. మనసు కుదుటపడాలని ప్రార్థించండి.*

అతను కెవ్వుమనేలోపే ఆమేన్లు పడటం మొదలయ్యాయి. అన్నిటికన్నా ముందు పడింది సిస్టర్ ప్రియ అనే ఆవిడది. పేరు పక్కన ఫొటోలోని ఆ నల్లకళ్లద్దాలు లోకనాథ్‌కి బాగా తెలుసు.